లేకపోతే లేదని రాయి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

మీ పత్రిక జిల్లా పేజీని మా ఇంట్లో ముందుగా చదివేది నేనే. నాకు 71 ఏళ్లు. డోర్నకల్ దగ్గర ఒక పల్లెలో పుట్టాను. ప్రభుత్వ పాఠశాలల్లో 34 ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఖమ్మంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈమధ్య చర్చి కమిటీల గొడవల మీద మీరు వేసిన వార్తలు కొన్ని కత్తిరించి నా బైబిల్లో పెట్టుకున్నాను. ఒకచోట గుడి (చర్చిని మేము గుడి అనే అంటాం) గేటుకు రెండు తాళాలు వేశారట, ఒకటి పాత కమిటీది, ఇంకోటి కొత్త కమిటీది. మరోచోట ఎన్నికల ఆదివారం పోలీసులు నిలబడి ఉండగా ఆరాధన జరిగింది. మీరు రాసింది అబద్ధమని నేను అనను. అబద్ధమైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

పోయిన వారం మా వీధి కిరాణా కొట్టాయన కందిపప్పు తూస్తూ, "ఏంది టీచరమ్మా, మీ చర్చిల గూడ ఇట్లనే ఉంటదా?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు. ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషి, మనసులో ఉన్నమాట అడిగాడు. నాకు అప్పటికప్పుడు జవాబు రాలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైంది, మన్నించండి. స్థలం లేక కోసేస్తే కోసేయండి గానీ బియ్యం సంగతి మాత్రం తీయకండి.

మా అమ్మ పొయ్యి పక్కన ఒక మూత కుండ ఉండేది. పొద్దునా సాయంత్రం ఎసరు పెట్టేముందు బియ్యం చేటలో పోసుకుని, రాళ్లూ వడ్లగింజలూ ఏరి, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. ఆ తర్వాతే మిగతావి కడిగేది. దానికి దేవుని పిడికెడు అని పేరు. శనివారం పొద్దుగూకే వేళకు మా గూడెం ఆడవాళ్లంతా ఎవరి కుండ వాళ్లు చంకన పెట్టుకుని గుడి అరుగు మీదికి వచ్చేవాళ్లు. అక్కడ ఒక సోల ఉండేది, అంచు కొంచెం సొట్టపోయిన ఇత్తడి సోల. ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిల్ స్త్రీ ఒక్కొక్కరి బియ్యం కొలిచి గోనెసంచిలో పోసేది. వారమంతా పిడికెడు పిడికెడు వేస్తే సోల, మంచి వారమైతే సోలన్నర తేలేవి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బియ్యం వేలంపాట పెట్టేవాళ్లు. వచ్చిన డబ్బులు గుడిలో బోధించే ఉపదేశి గారి జీతానికీ, గుడి లాంతర్లలో కిరసనాయిలుకూ పోయేవి.

బైబిల్ స్త్రీకి కళ్లు మసకబారాక ఆ పుస్తకం రాసే పని నాకు వచ్చింది. అప్పుడు నేను నాలుగో తరగతి. మా గూడెంలో అక్షరం వచ్చిన ఆడపిల్లలం ఇద్దరమే, ఇంకో పిల్లకు అంకెలు సరిగా రావు. ఎడమవైపు పేరు, కుడివైపు ఎన్ని సోలలు. అంతే ఆ పుస్తకం.

ఒక ఆషాఢంలో వానలు ఆలస్యమై నాట్లు పడలేదు. కూలి లేదు. మా ఇంట్లో రెండు వారాలు జొన్నగటకతోనే గడిచింది. బియ్యమే లేనప్పుడు పిడికెడు ఎక్కడిది? అయినా ఆ శనివారం మా అమ్మ ఖాళీ కుండ చంకన పెట్టుకుని అరుగు మీదికి వచ్చి వరసలో కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కన రెండెకరాలున్న వాళ్ల ఆవిడ సోల నిండా పోసింది. అమ్మ వంతు వచ్చేసరికి నేను ఎవరూ చూడకుండా అమ్మ పేరు ఎదుట అరసోల అని రాసేశాను. అమ్మకు చదువు రాదు. కానీ పెన్సిలు కదలడం చూసింది.

"ఏం రాసినవ్?" అంది.

చెప్పాను. అమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అందరూ వింటుండగానే, "కొట్టెయ్. లేకపోతే లేదని రాయి బిడ్డా. పెట్టని గింజ పెట్టినట్టు రాస్తే, రేపు పెట్టినోళ్ల గింజ గూడ ఎవరు నమ్మరు" అంది. నేను అరసోల కొట్టేసి 'లేదు' అని రాశాను. ఆ పక్కన కూర్చున్న ముసలమ్మ ఒకామె, "నాది గూడ లేదనే రాయి బిడ్డ, సిగ్గుపడి ఇంట్ల కూసున్న, మీ అమ్మను చూసి వచ్చిన" అంది. ఆ వారం ఆ పేజీలో నాలుగు 'లేదు'లు ఉన్నాయి.

ఇప్పుడు రెండో సంగతి. దీన్ని చెప్పకుండా దాచుకుంటే మొదటిది చెప్పే అర్హత నాకు ఉండదు.

నేను ఒక పట్టణంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు అక్కడి పాస్టరేట్‌లో, అంటే ఒక పాస్టరు గారి కింద ఉండే సంఘంలో, నన్ను ట్రెజరర్‌గా ఎన్నుకున్నారు. పాత గుడి స్లాబు కారుతోంది, వర్షం పడితే ప్రభుబల్ల మీద గిన్నె పెట్టాల్సి వచ్చేది. కొత్త గుడి కట్టాలని తీర్మానం చేసి చందాలు మొదలుపెట్టాం. ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చారు. మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే ఒకామె కాళ్ల వెండి కడియాలు తీసి రుమాల్లో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. రసీదు రాస్తుంటే, "నాకు కాయితం ఎందుకమ్మా, గుడి లేస్తే చాలు" అంది. నేను బలవంతంగా రసీదు ఇచ్చాను.

కమిటీ పెద్ద ఒకాయన ఉండేవారు. ఆయన పేరు రాయను, ఊరి పేరు రాయను. బాగా మాట్లాడేవారు. ప్రార్థనలో ఆయన గొంతు వణికితే మా అందరి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఒకరోజు ఇనుము వోచర్ తెచ్చారు. బిల్లులో 6 టన్నులు. దానికి పిన్ను కొట్టి ఉన్న కాటా చీటీలో 4 టన్నుల 200 కిలోలు. నేను రెండుసార్లు చూసి అడిగాను. "మిగతా లోడు రేపు వస్తుంది టీచర్ గారూ, స్లాబు ఆగకూడదు, ఇది దేవుని పని" అన్నారు. నేను సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. ఆయన అంత పెద్దమనిషి, నేను అడిగితే బాగుండదనుకున్నాను. అంతే కారణం. మిగతా లోడు వచ్చిందో లేదో నాకు ఎవరూ చూపించలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

రెండో నెల ఇసుక, మూడో నెల మళ్లీ ఇనుము. మూడోసారి పెన్ను తీసుకున్నాక మా అమ్మ గొంతు వినబడింది, కొట్టెయ్ అని. ఇది కథ కోసం రాయడం లేదు. నిజంగానే వినబడింది. సంతకం పెట్టలేదు.

ఆ ఏడాది సర్వసభ్య సమావేశంలో లేచి రెండు అంకెలు చదివాను. బిల్లులో ఇంత, కాటా చీటీలో ఇంత అని. మొదటి వోచర్ మీద సంతకం నాదేనని కూడా చెప్పాను. వెనక వరసలోంచి ఒకరు, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదని వాక్యం ఉంది, మర్చిపోయావా అమ్మా?" అన్నారు. ఇంకొకరు, "ఆడమనిషికి కాటా చీటీలు ఎందుకు?" అన్నారు. లెక్కల కమిటీ వేస్తామన్నారు. అది ఒక్కసారి కూడా కూర్చోలేదు. మరుసటి ఆదివారం నుంచి కొందరు నాకు వందనాలు చెప్పడం మానేశారు. తర్వాతి ఎన్నికల్లో నా పేరు ఎవరూ ప్రతిపాదించలేదు. ఆ నొప్పి ఎక్కువకాలం లేదు. కానీ ఒకరోజు సాయంత్రం కడియాలు ఇచ్చినామె మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడి అడిగింది: "టీచరమ్మా, నా కడియాలు ఇనుములోకి పోయినయా, ఇంకెక్కడికన్నా పోయినయా?"

ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ పెద్దమనిషి తర్వాత కొన్నేళ్లకు చనిపోయారు. నేను భూస్థాపనకు వెళ్లాను. ఆయన దొంగ అని నేను ఇప్పటికీ అనలేను. అర్ధరాత్రి ఎవరికి ఒంట్లో బాగోలేదన్నా ఆస్పత్రికి పరుగెత్తిన మనిషి. ఎందరో విధవలకు పింఛన్లు రాయించిన మనిషి. బహుశా ఆ డబ్బు వేరే పద్దుకు సర్ది ఉంటారేమో. లెక్క చదివి ఉంటే అది తేలిపోయేది. చదవకపోవడం వల్ల ఆయన చేసిన మంచి కూడా అనుమానం కింద పడిపోయింది. ఆ అనుమానం ఆయన పిల్లల దాకా వెళ్లింది. ఆయన పెళ్లాం బిడ్డల ముఖం చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, నేను మొదటి వోచర్ దగ్గరే ఆపి ఉంటే ఆయనకే మేలు చేసినదాన్ని అయ్యేదాన్ని.

అభిషిక్తుల వాక్యం గురించి ఒక్కమాట. అది పరాయి రాజుల మధ్య దేశదిమ్మరులై తిరిగిన మన పితరులకు హాని చేయొద్దని చెప్పిన మాట. లెక్కలు అడగొద్దని ఎక్కడా లేదు. దావీదు రాజుకంటే అభిషేకం పొందినవాడు ఎవరు? ఆయన తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. తొలి సంఘాలను కట్టిన పౌలు యెరూషలేము బీదల కోసం సంఘాల్లో చందాలు పోగుచేసినప్పుడు ఆ డబ్బు ఒక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట తీసుకుపోయాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నానని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో తానే చెప్పాడు. పౌలుకే ఆ జాగ్రత్త అవసరమైతే మన పాస్టరేట్ సెక్రటరీకి అక్కర్లేదా?

ఈ పట్టింపు మా గూడెం ఆడవాళ్లకు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మా అమ్మమ్మకు చిన్నతనంలో బిషప్ అజరయ్య గారు తలమీద చెయ్యిపెట్టి నిర్ధారణ (బాప్తిస్మం తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే ఆచారం) ఇచ్చారు. ఆయన తెలుగువారు కాదు. 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో ఒక పల్లె పాస్టరు గారి ఇంట్లో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చేటప్పటికి 35 ఏళ్లు. ఆ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు నుంచి వచ్చిన సంఘంలో, ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఒక నల్లమనిషి కింద తెల్ల మిషనరీలు ఎలా పనిచేస్తారని అప్పుడు చాలామంది అభ్యంతరం చెప్పారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూసేదాకా, ఆ సంఘంలో సొంత అధ్యక్ష మండలం (డయోసిస్) ఉన్న భారతీయ బిషప్ ఆయనొక్కరే.

అంటే ముప్పై రెండేళ్లు ఆయన మీద అందరి కళ్లూ ఉన్నాయి. ఒక్క తప్పు దొరికితే, 'చూశారా, వీళ్లకు చేతకాదు' అనడానికి కాచుకుని ఉన్నవాళ్లు ఉన్నారు. ఆ బరువు మోస్తూ పనిచేసిన మనిషి. 1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు మా బీదలకు ఆస్తులు ఇచ్చారు, మీ శరీరాలు కాల్చుకోవడానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగిన మనిషి కూడా ఆయనే. పైవాళ్ల ముఖం మీద నిజం చెప్పగలిగినవాడు, కిందివాళ్ల దగ్గర తన మీద నిజం వినగలిగినవాడై ఉండాలి. పెద్దరికం చేసేవాళ్లలో నేను ముందుగా వెతికేది ఆ రెండోదే.

మా అమ్మమ్మకు ఈ తేదీలేవీ తెలియవు. ఆమెకు గుర్తున్నది వేరు. బిషప్ గారు పల్లెకు వస్తే బాప్తిస్మం పొందినవాళ్లందర్నీ తమ చెయ్యి తమ తలమీద పెట్టుకోమనేవారట. పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినదాన్ని, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారట. పొలంలోంచి అప్పుడే వచ్చిన కూలివాళ్ల చేత, చేతులకు బురద ఉండగానే. అమ్మమ్మ ముసలితనంలో కూడా ఆ సంగతి చెప్పేటప్పుడు చెయ్యి తలమీదికి దానంతటదే పోయేది. ఎంత బీదవాళ్లయినా దేవునికి ఇవ్వాలని ఆయన నేర్పారు. సంఘం పరాయి డబ్బు మీద బతక్కూడదని ఆయన పట్టుదల. అప్పట్లో కొందరికి అది కఠినంగా తోచి ఉంటుంది, తినడానికి లేనివాళ్ల దగ్గర పిడికెడు అడగడమేమిటని. నేను అలా అనుకోను. పిడికెడు వేసిన మనిషి అరుగు మీద కూర్చుని పుస్తకంలో ఏం రాస్తున్నారని అడగగలదు. మా అమ్మ అడిగింది కూడా అందుకే.

డోర్నకల్ స్టేషన్‌లో బండి మారేటప్పుడు ఖాళీ ఉంటే ఒకసారి అక్కడి కెథెడ్రల్ చూసి రండి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. కట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. గుమ్మటాలూ మినార్లూ చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే మన పాత దేవాలయాలు గుర్తొస్తాయి. రాతిలో తామరపూలు, ఉమ్మెత్తపూలు చెక్కారు. డబ్బు చాలకపోతే ఆగారు, వచ్చాక మళ్లీ మొదలుపెట్టారు. నేను చిన్నప్పుడు ఆ స్తంభాన్ని చేత్తో తడిమితే చెక్కడం వెనకవైపు, ఎవరి కంటా పడని చోట కూడా అంతే నున్నగా ఉంది. ఆ పనివాడు ఎవరో నాకు తెలియదు. ట్రెజరర్‌గా ఉన్నప్పుడు ఆ రాయి నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మిగతావాళ్లూ ఒకే సంఘంగా కలవాలని 1919లో తమిళదేశంలోని తరంగంబాడిలో మొదలైన ప్రయత్నంలో అజరయ్య గారు ముందు నిలిచారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడింది. ఆయన అది చూడలేదు, దాదాపు మూడేళ్ల ముందే వెళ్లిపోయారు. కలవడానికి అన్నేళ్లు కూర్చుని మాట్లాడుకున్న పెద్దల సంఘంలో ఇప్పుడు ఒకే గేటుకు రెండు తాళాలు పడుతున్నాయి. మీ పత్రికలో ఆ తాళాల ఫొటో చూసిన రోజు నాకు అన్నం దిగలేదు.

మా వారు ఒంగోలువైపు బాప్టిస్టులు. ఆయన ఉన్నప్పుడు మా ఇద్దరికీ ఎవరి పెద్దలు గొప్ప అని వాదన అయ్యేది. ఆయన ఎప్పుడూ ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారి సంగతే చెప్పేవారు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి, ఎక్కువగా మాదిగ కుటుంబాలవాళ్లకు, కూలి ఇప్పించాడు. అప్పుడే బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట వాళ్లకూ రాకూడదు, సంఘానికీ రాకూడదని కరువు సాయం నడిచినంతకాలం ఆపేశాడు. సాయం ఆగిపోయి, ఇక చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు ఇచ్చారు. ఆ అంకెను అందరూ గొప్పగా చెబుతారు. మా వారు మాత్రం అంతకుముందు ఏడాదికి పైగా రాయకుండా ఉన్న అంకె గురించి చెప్పేవారు. ఈ విషయంలో నేను ఆయనకు ఓడిపోయేదాన్ని.

ఇప్పుడు సొంతంగా పెట్టుకున్న సంఘాలు చాలా ఉన్నాయి. వాటిలో కమిటీ ఉండదు, రసీదు ఉండదు. గోడ మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది, స్కాన్ చేస్తే పాస్టరు గారి సొంత పేరే వస్తుంది. వాళ్లలో నిజాయితీపరులు నాకు తెలుసు, ఒకరిద్దరు నా శిష్యులే. వాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను. బాబూ, సంఘం పేరున ఖాతా తెరవండి, రెండు సంతకాలు పెట్టించండి. మీకే మంచిది. మీరు మంచివాళ్లని మాకు తెలుసు, మీ తర్వాత వచ్చేవాడు ఎవరో మీకు తెలియదు కదా.

మంచి జరగడం లేదని నేను రాయడం లేదు. మా బంధువుల ఊళ్లో ఒక చిన్న పాస్టరు గారు ఉన్నారు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. ఆరాధన అయ్యాక కానుకల సంచి ఆయన ముట్టుకోరు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, ఇద్దరు బల్ల దగ్గరే అందరి ఎదుట లెక్కపెడతారు. తర్వాత గోడ మీది నల్లబల్ల మీద సుద్దతో రాస్తారు. నేను వెళ్లిన ఆదివారం ఇలా ఉంది: కానుకలు 1,840. కరెంటు బిల్లు 410. పాస్టరు ఆటో 40. దాని కింద ఇంకో వరస ఉంది: పోయిన వారం ఆటో 60 అని రాశాను, అయింది 40. తేడా 20 సంచిలో వేశాను.

ఆ ఇరవై రూపాయల వరస దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను.

ఆయన ఆదివారం ప్రసంగం కోసం శుక్రవారం నుంచే కూర్చుంటారని వాళ్లమ్మ చెప్పింది. తొమ్మిదిన్నరకు ఆరాధన అంటే తొమ్మిదింటికే గుడిలో ఉంటారు, చాపలు ఆయనే పరుస్తారు. చావు కబురు వస్తే చనిపోయినవాళ్ల పేరు, వాళ్ల పిల్లల పేర్లు కనుక్కుని వెళతారు, సమాధి దగ్గర పేరు తప్పు పలకరు. పనిలో పట్టింపు, డబ్బులో పట్టింపు రెండూ ఒకే మనిషిలో చూశాను. వేరువేరుగా ఉండవేమో. బియ్యంలో రాళ్లు ఏరకుండా కుండలో పోసే ఇల్లాలు పుస్తకంలో మాత్రం సరిగా రాయిస్తుందా?

ఎందుకింత కష్టపడతారని అడిగితే, "నాకు ఎప్పుడైనా బదిలీ వస్తుంది అమ్మగారూ. వెళ్లేరోజు సమూయేలులాగా నిలబడి అడగాలి కదా" అన్నారు. సమూయేలు ప్రవక్త ముసలివాడయ్యాక ప్రజలందరి ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తానని అడిగిన సంగతి ఆయన చెబుతున్నది. నువ్వు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని జనం చెప్పారు. మన కమిటీ పెద్దల్లో పదవీకాలం చివరి ఆదివారం అలా లేచి నిలబడగలిగినవాళ్లు ఎందరుంటారు? ఎన్నికలకు నిలబడేముందే ఆ ఆదివారం గురించి ఆలోచించమని అందరినీ బతిమాలుతున్నాను.

మీకు ఒక విన్నపం. చర్చి ఎన్నికల వార్త రాసేటప్పుడు ఎవరి ప్యానెల్ గెలిచిందో రాస్తున్నారు. దాంతోపాటు, కిందటేటి లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదివారా లేదా అని కూడా మీ విలేకరులను అడిగి రాయమనండి. ఒక్క వాక్యం చాలు. చదివారు అనో, చదవలేదు అనో. చదివిన చోటు పేరు కూడా వేయండి, ఆ సంఘానికి ధైర్యం వస్తుంది.

నా పేరు, చిరునామా విడిగా రాసి జతచేశాను. అచ్చులో వేయకండి. భయపడి కాదు. నా పేరు చూస్తే నేను పనిచేసిన పట్టణం, ఆ కమిటీ, ఆ పెద్దమనిషి ఎవరో కొందరికి తెలిసిపోతుంది. ఆయన జవాబు చెప్పుకోవడానికి ఇప్పుడు లేరు.

కిరాణా కొట్టాయనకు నిన్న జవాబు చెప్పాను. "మాలో గూడ ఉంది, నేను గూడ ఒక సంతకం పెట్టిన" అన్నాను. ఆయన పప్పు పొట్లం నా సంచిలో వేసి, చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

బియ్యం పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది, కొన్ని పేజీలు చెదలు తిన్నాయి. ఆ ఆషాఢం పేజీ మిగిలింది. అమ్మ పేరు ఎదుట అరసోల మీద రెండు గీతలు, పక్కన వంకరటింకర చేతిరాతతో 'లేదు'.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
ఖమ్మం